పాత వాహనములో టైమింగ్ చైను: పంచాయతీ సభ్యులు తెలిసికొనదగిన విషయములు

(తిరువూరులో గ్రామ పంచాయతీ సభ్యుల సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



పంచాయతీ సభ్యులు కూడినచోట త్రాగునీరు, వీధిదీపములు, మురుగు కాలువలు, పన్నుల వసూలు మొదలగు విషయములను గూర్చి మాట్లాడుట వాడుక. ఇంజను లోపల కంటికి కనిపించక తిరుగు ఒక గొలుసును గూర్చి మాట్లాడుటకు మేము నిలిచితిమన్నచో మీలో కొందరికి వింతగా తోచవచ్చును. అది మెకానికు చూచుకొను పని గదా, మనకేల అని అనుకొనవచ్చును. ఒకప్పుడు మేమును అట్లే అనుకొంటిమి. దాని వలన మా గ్రామమునకు కలిగిన కష్టమును చెప్పి, మీకు అట్టి కష్టము రాకుండ చూచుటయే నేటి మా ఉద్దేశము.

ఈ ప్రాంతపు పరిస్థితి మీకు తెలియనిది కాదు. తిరువూరు మీదుగా పోవు జాతీయ రహదారి ఒక ప్రక్క కొత్తగూడెము, భద్రాచలముల వైపునకును, మరియొక ప్రక్క ఎ. కొండూరు, మైలవరముల మీదుగా విజయవాడ వైపునకును సాగుచున్నది. విజయవాడ ఇచటికి సుమారు 70 కిలోమీటర్లు. పెద్ద పరీక్షలకైనను, నిపుణుల వైద్యమునకైనను మనకు ఆ నగరమే దిక్కు. ఎ. కొండూరు మండలపు తండాలలో మూత్రపిండముల వ్యాధితో బాధపడు కుటుంబములు అనేకము కలవు. డయాలిసిస్ అవసరమైన రోగి వారమునకు రెండు మూడు పర్యాయములు ప్రయాణము చేయవలసియుండును. ఆపత్సమయమున 108 వాహనము వచ్చును; ఆ సేవ 2005 ఆగస్టు 15న మన రాష్ట్రమున ప్రారంభమైనది. కాని ముందుగా నిర్ణయమైన రోజున, నిర్ణయమైన వేళకు ఆసుపత్రి చేరవలసిన వారికి గ్రామమునకు చెందిన బండి ఒకటి యున్నచో ఎంతో ఆసరా. అట్టి బండ్లు సాధారణముగా క్రొత్తవి కావు. దాతల వలననో, పాత బండ్ల బేరములోనో మన చేతికి వచ్చును. పది పన్నెండు సంవత్సరములు తిరిగిన ఇంజనుకు వయస్సు మీరిన మనిషికి వలెనే కొన్ని బాధలుండును. అందులో ముఖ్యమైనది టైమింగ్ చైను వదులగుట.

మేము సభ్యులముగా నున్న పంచాయతీలో అట్టి డీజిలు బండి యొకటి యుండెను. గ్రామస్థులు చందాలు వేసికొని దానిని కొని, పంచాయతీ పేర వ్రాయించిరి. వారమునకు రెండు దినములు అది రోగులను విజయవాడకు చేర్చుచుండెను. ఒకనాడు డ్రైవరు పంచాయతీ కార్యాలయమునకు వచ్చి, "ప్రెసిడెంటుగారూ, తెల్లారగట్ల బండి తీస్తే ముందుపక్క గలగలమంటోందండీ. రెండు సెకన్లుండి ఆగిపోతోంది. టైమింగ్ చైనూ, టెన్షనరూ చూపించాలంటున్నాడండీ మెకానిక్కు" అని చెప్పెను.

ఆ విషయము సమావేశమునకు వచ్చినది. దానంతట అదియే ఆగిపోవు చప్పుడునకు డబ్బు ఖర్చేల అని మాలో ఒకరనిరి. తక్కినవారము తల లూపితిమి. తరువాతి నెలలో పన్నులు వసూలు కాలేదని వాయిదా వేసితిమి. మూడవ నెలలో కోరము లేక సమావేశమే జరుగలేదు. ఈ నడుమ ఖర్చు తగ్గించుదమను తలంపుతో ఆయిలు మార్చు గడువును కూడ పొడిగించితిమి. చప్పుడు రెండు సెకన్ల నుండి పది సెకన్లకు పెరిగినదని డ్రైవరు మరల వచ్చి చెప్పెను. చూతమంటిమి.

నాల్గవ నెలలో ఒక వేకువను డయాలిసిస్‌కు పోవుచున్న ఒక పెద్దాయనతోను, ఆయన భార్యతోను బయలుదేరిన ఆ బండి మైలవరము దాటిన పిమ్మట ఒక్క పెద్ద చప్పుడు చేసి ఆగిపోయెను. గొలుసు పండ్లు తప్పినది. పిస్టనులు వాల్వులకు తగిలి వాల్వులు వంగిపోయినవి. ఆ దంపతులు రోడ్డు ప్రక్క చెట్టు క్రింద కూర్చుండి, వేరొక బండి దొరకువరకు వేచి, మూడు గంటలు ఆలస్యముగా ఆసుపత్రి చేరిరి. దైవకృపచే ఆయన క్షేమముగా తిరిగివచ్చెను. మేము పరామర్శకు పోయినప్పుడు ఆ ఇల్లాలు మమ్ములను ఒక్కమాట అనలేదు. మాకు మంచినీళ్లిచ్చి కూర్చుండబెట్టెను. ఆమె నిందించియున్నచో మాకు అంత సిగ్గు కలిగెడిది కాదు. బండి నలుబది దినములు కదలలేదు. మొదట మెకానికు అడిగిన సొమ్ముకు నాలుగు రెట్లకు పైగా ఖర్చయ్యెను.

ఇక అసలు విషయమునకు వత్తము. ఈ గొలుసు చేయు పని యేమి? సైకిలు గొలుసు మనకందరకు పరిచయమే. 1880వ సంవత్సరమున ఇంగ్లాండులోని మాంచెస్టరు నగరమున హాన్స్ రెనాల్డ్ అను స్విట్జర్లాండు దేశీయుడు రోలరు గొలుసును రూపొందించెను. సైకిలునకు, మోటారు సైకిలునకు వాడు గొలుసులు ఆ జాతివే. ఇంజను లోపలి టైమింగ్ చైను కూడ ఆ కుటుంబములోనిదే. అది రెండు పళ్లచక్రములను కలుపును. పిస్టనుల రాకపోకల వలన తిరుగు క్రాంకు షాఫ్టుకు ఒక చక్రము. గాలిని లోనికి రానిచ్చి పొగను వెలికి పంపు వాల్వులను తెరచు క్యాం షాఫ్టుకు మరియొక చక్రము. క్రాంకు రెండు చుట్లు తిరిగినప్పుడు క్యాము సరిగా ఒక చుట్టు తిరుగవలెను. ఇంజను నిమిషమునకు 3,000 చుట్లు తిరుగుచున్నప్పుడు ప్రతి వాల్వు సెకనుకు 25 మార్లు తెరచుకొని మూసికొనును. కాలువ నీటి వంతు వంటిదే ఇది. తూము వేళకు తెరువనిచో ఒక చేను ఎండును, వేళకు మూయనిచో మరియొక చేను మునుగును. ఇంజనులో వేళ తప్పినచో పిస్టను పైకి వచ్చు సమయమున వాల్వు ఇంకను తెరచియుండి, రెండును ఒకదానితో నొకటి ఢీకొనును. అనేక ఇంజనులలో, ముఖ్యముగా డీజిలు ఇంజనులలో, వాల్వునకును పిస్టనునకును నడుమ ఎడము మిక్కిలి తక్కువ.

గొలుసునకు ఒక ప్రక్క లాగుడు, రెండవ ప్రక్క వదులు ఉండుట సహజము. వదులు ప్రక్కను ఒక వంపుపట్టీ ఆనియుండును. దానిని వెనుక నుండి నొక్కి పట్టుకొనునది టెన్షనర్. దున్నునప్పుడు పగ్గమును ఎంత బిగువున పట్టవలెనో రైతు చేతికి తెలియును గదా! వదిలినచో ఎద్దు చాలు తప్పును. మిక్కిలి లాగినచో ఆగిపోవును. ఇంజనులో ఆ రైతు చేయి వంటిది టెన్షనర్.

నేటి కార్లలో ఎక్కువగా ఇది ఆయిలు బలముతో పనిచేయును. చిన్న గొట్టములో ఒక కడ్డీ, దాని వెనుక ఒక స్ప్రింగు. ఆయిలు పంపు నుండి వచ్చు ఆయిలు ఆ కడ్డీని ముందునకు త్రోయును. వచ్చిన ఆయిలు వెనుకకు పోకుండ లోపల ఒక చిన్న వాల్వు అడ్డుకొనును. కొన్నింటిలో కడ్డీ వెనుకకు జారకుండ రంపపు పండ్ల వంటి నొక్కులు కూడ కలవు. రాత్రియంతయు బండి నిలిచియున్నప్పుడు ఆయిలు క్రిందికి దిగిపోవును. అప్పుడు స్ప్రింగు బలమొకటే మిగులును. ఉదయము ఇంజను తీసినప్పుడు ఆయిలు మరల టెన్షనరును చేరుటకు కొంత వ్యవధి పట్టును. గొలుసు క్రొత్తదైనచో ఆ వ్యవధి తెలియదు. అరిగి వదులైనచో గొలుసు ఊగి, లోపలి పట్టీలకును మూతకును తగిలి గలగలమనును. ఆయిలు చేరగనే చప్పుడు ఆగును. చప్పుడు ఆగుట రోగము నయమగుట కాదు. మా పంచాయతీ పొరబడినది ఇచటనే.

ఏ బండికి ఇది వర్తించునను సందేహము మీకు కలుగవచ్చును. ట్రాక్టరులలో సాధారణముగా గొలుసు ఉండదు, పళ్లచక్రములే ఒకదానినొకటి త్రిప్పును. కొన్ని కార్లలో గొలుసునకు బదులు రబ్బరు బెల్టు ఉండును. దానిని తయారీదారుల పుస్తకములో చెప్పిన గడువునకు తప్పక మార్చవలెను. 2007 నుండి 2020 వరకు మన దేశమున అనేక కార్లలో అమర్చిన 1.3 లీటర్ల డీజిలు ఇంజనులో ఉన్నది గొలుసే. 1994లో వచ్చిన స్ప్లెండరు మొదలుకొని మన గ్రామములలో తిరుగు మోటారు సైకిళ్లలో హెచ్చుభాగమునకు ఉన్నదియు గొలుసే. మీ బండిలో ఉన్నది గొలుసో బెల్టో ముందుగా తెలిసికొని, పుస్తకములో వ్రాసి యుంచుడు.

గొలుసు జీవితాంతము ఉండునని కొందరు చెప్పుదురు. ఆయిలు సరిగా నున్నంతవరకే ఆ మాట చెల్లును. గొలుసు రబ్బరు వలె సాగదు. దాని కణుపులలోని మేకులు, గొట్టములు అరుగును. ఒక్కొక్క కణుపు అరుగుదల మిల్లీమీటరులో ఇరువదవ వంతే అనుకొనుడు. నూరు కణుపులున్న గొలుసు అయిదు మిల్లీమీటర్లు పొడుగగును. ఆ మేరకు టెన్షనర్ కడ్డీ ముందునకు జరుగుచు పోయి, తుదకు జరుగుటకు చోటు లేని స్థితికి వచ్చును. డీజిలు ఇంజను ఆయిలులో చేరు మసి ఈ అరుగుదలను త్వరపెట్టును. ఆయిలు మట్టము తగ్గినను, మార్చు గడువు దాటినను, ఫిల్టరు నాసిరకమైనను, ఆయిలు పంపు అరిగినను టెన్షనరునకు బలము చాలదు. వేడికి పెళుసెక్కిన ప్లాస్టికు పట్టీలు విరిగి, ముక్కలు ఆయిలు చాంబరులో పడి, పంపు జల్లెడను మూసివేయుటయు కలదు. అప్పుడు గొలుసు మాత్రమే కాదు, ఇంజను అంతయు ఆయిలు లేక పాడగును.

ఈ రోగమును గుర్తించుటకు పెద్ద యంత్రములు అక్కరలేదు. రాత్రియంతయు నిలిపియుంచిన బండిని ఉదయము బానెట్టు తెరచి తీయుడు. గొలుసు ఉన్న వైపు నుండి మొదటి సెకన్లలో వచ్చు గలగల చప్పుడు మొదటి గుర్తు. ఫ్యాను బెల్టు, నీటి పంపు బేరింగు కూడ అట్టి చప్పుడు చేయవచ్చును. కావున మెకానికు బెల్టును తీసివేసి ఒక నిమిషము కన్న తక్కువ సేపు ఇంజను నడిపి చూచును. చప్పుడు పోయినచో దోషము బయటిది, ఉన్నచో లోపలిది. బండి లాగుడు తగ్గుట, డీజిలు ఖర్చు పెరుగుట, ఉదయము త్వరగా అందుకొనకపోవుట కూడ గుర్తులే. గొలుసు పొడుగైన కొలదిని వాల్వులు ఆలస్యముగా తెరచుకొనుటయే అందులకు కారణము. కంప్యూటరు గల ఇంజనులలో డాష్‌బోర్డుపై ఇంజను దీపము వెలుగును. స్కానరులో పి0016 అను సంఖ్య వచ్చినచో క్రాంకునకును క్యామునకును వేళ కుదురుటలేదని అర్థము. వైరు లోపము వలన కూడ ఆ సంఖ్య రావచ్చును గనుక దానిని చూచిన మాత్రమున ఇంజను విప్పరాదు. గేజి పెట్టి ఆయిలు ఒత్తిడిని కొలిపించుడు. టెన్షనర్ కడ్డీ ఎంత వెలికి వచ్చినదో చూపించుడు.

మరమ్మతు నిశ్చయమైనప్పుడు టెన్షనర్ ఒక్కటే మార్చిన చాలునని ఖర్చు తగ్గించు సలహా రావచ్చును. గొలుసు కొలతలో సరిగా నుండి, టెన్షనర్ మాత్రమే చెడినదని తేలినప్పుడే ఆ సలహా వినదగినది. బాగుగా తిరిగిన ఇంజనులో గొలుసు, పళ్లచక్రములు, పట్టీలు, టెన్షనర్ అన్నియు ఒక సెట్టుగా మార్చుట మేలు. అరిగిన పండ్లపై క్రొత్త గొలుసు వేసిన అదియు త్వరలో అరుగును. ఆయిలును ఫిల్టరును కూడ అప్పుడే మార్పించుడు.

పని జరుగునప్పుడు మీలో ఒకరు దగ్గర నుండుడు. మీరు పని నేర్పనక్కరలేదు. నాలుగు సంగతులు గమనించిన చాలును. గొలుసు తీసినప్పుడు క్రాంకును, క్యామును కదలకుండ బిగించు పనిముట్లు వాడుచున్నారా? గుర్తులు కలిపిన తరువాతనే టెన్షనర్ పిన్నును లాగుచున్నారా? అంతయు బిగించిన పిదప స్టార్టరుతో గాక, చేతితో పానా పట్టి క్రాంకును పూర్తిగా రెండు చుట్లు త్రిప్పి గుర్తులను మరల చూచుచున్నారా? తీసిన పాత సామానును మీకు అప్పగించుచున్నారా? విజయవాడ ఆటోనగరులోను, మన పట్టణములలోను ఈ పని తెలిసిన మంచి పనివారు కలరు. సరియైన పనిముట్లు గల చోట పని చేయించుడు. పాత గొలుసును, పట్టీలను సమావేశమునకు తెచ్చి సభ్యులందరకు చూపుడు. చేతితో పట్టి చూచిన అరుగుదలను ఎవరును మరువరు.

సొమ్ము పెట్టుటకు ముందు మరియొక సంగతి చూడవలెను. కేంద్ర ప్రభుత్వ నిబంధనను అనుసరించి 2023 ఏప్రిల్ 1వ తేదీ నుండి ప్రభుత్వములకును, మునిసిపాలిటీలకును, పంచాయతీలకును చెందిన వాహనముల రిజిస్ట్రేషను, మొదటి రిజిస్ట్రేషను తేదీ నుండి 15 సంవత్సరములు నిండగనే ముగియును. అట్టి వాహనములను అనుమతి పొందిన తుక్కు కేంద్రమునకు పంపవలెను. కావున బండి పంచాయతీ పేర నున్నచో ముందుగా ఆర్.సి. తీసి తేదీ చూడుడు. పది సంవత్సరముల బండికి గొలుసు సెట్టు వేయించుట వివేకము. కొలది నెలలలో గడువు తీరు బండికి అంత ఖర్చు పెట్టుట ప్రజాధనమును వృథా చేయుట; అట్టి బండిలో రోగులను పంపుట మాని, వేరొక ఏర్పాటు చూచుకొనవలెను.

మరమ్మతు జరుగువరకు పాటింపదగిన జాగ్రత్తలు కొన్ని కలవు. ప్రతి వారము చల్లని ఇంజనులో ఆయిలు కడ్డీ తీసి మట్టము చూడుడు. తయారీదారులు చెప్పిన రకము ఆయిలునే పోయుడు. కిలోమీటర్ల గడువు, నెలల గడువు రెండింటిలో ఏది ముందు వచ్చినను ఆయిలు మార్చుడు; దుమ్ము దారులలో చిన్న చిన్న ప్రయాణములు చేయు బండికి మరికొంత ముందుగనే మార్చుట మంచిది. ఉదయము తీసిన వెంటనే యాక్సిలేటరు త్రొక్కరాదు. గొలుసు వదులైన బండిని త్రోసి తీయరాదు. వాలున నిలుపునప్పుడు హ్యాండుబ్రేకు వేసి, చక్రములకు రాయి పెట్టుడు; గేరు మీద మాత్రమే ఆధారపడినచో బండి వెనుకకు జరిగి ఇంజనును తిరుగుడుగా త్రిప్పవచ్చును, అప్పుడు గొలుసు పండ్లు తప్పుటకు వీలు కలదు. ఇంజను వేడెక్కిన తరువాతను చప్పుడు నిలువనిచోను, ఆయిలు ఒత్తిడి దీపము వెలిగినచోను బండిని అక్కడనే ఆపివేయుడు. ఎట్లో ఊరు చేరుదమనుకొనరాదు. అట్టి బండిని కట్టి లాగించుట ఇంజను మార్చుట కన్న చౌక.

సభ్యులారా! చెప్పినదంతయు మెకానికునకు తెలిసినదే, డ్రైవరునకు తెలిసినదే. తెలియనిది మాకే. ఆ బండి చెడుటకు గొలుసు అరుగుట సగము కారణము. మా వాయిదాలు తక్కిన సగము. కనుక ఆ సంఘటన తరువాత మేము చేసిన పనులు మూడు చెప్పి విరమింతుము. బండికి ఒక పుస్తకము పెట్టితిమి. తేదీ, కిలోమీటర్లు, పోసిన ఆయిలు, వినబడిన చప్పుడు అన్నియు డ్రైవరు అందులో వ్రాయును. కార్యదర్శి అదే దినమున సంతకము చేయును. రెండవది, నిబంధనలకు లోబడి, అత్యవసర మరమ్మతునకు కొంత సొమ్మును సంవత్సరారంభముననే తీర్మానముతో కేటాయించితిమి. నెలసరి సమావేశము కొరకు గొలుసు ఆగదు గదా! మూడవది, ఆయిలు కొనుగోలులో తక్కువ ధరను గాక సరియైన రకమును చూచుట అలవాటు చేసికొంటిమి.

మరుసటి సంవత్సరము ఆ బండి అదే రోగిని, అదే ఇల్లాలిని ఒక్కనాడును వేళ తప్పక విజయవాడకు చేర్చినది. డ్రైవరు పుస్తకములో ప్రతి ఉదయము "చప్పుడు లేదు" అని వ్రాయుచుండెను. ఆ రెండు మాటలు చదువుట మాకు పన్ను వసూలు లెక్కల కన్న సంతోషము కలిగించెను.

రేపు వేకువను మీ గ్రామపు బండి బయలుదేరునప్పుడు మీలో ఒకరు దాని ప్రక్క నిలిచి వినుడు. వినినది వ్రాయించుడు. ఆ చప్పుడును గూర్చి డ్రైవరు ఇదివరకే చెప్పియున్నచో, అతని మాటను ఈ నెల సమావేశముననే మొదటి అంశముగా చేపట్టుడు.